ఆన్‌లైన్ కాలంలో అంగడి

2007లో ఇద్దరు ఐఐటీ పట్టభద్రులు బెంగళూరులో ఫ్లిప్‌కార్ట్ పేరుతో పుస్తకాలమ్మే వెబ్‌సైట్ పెట్టారు. తొలి ఆర్డరు మహబూబ్‌నగర్ నుంచి వచ్చింది. జాన్ వుడ్ రాసిన ఓ ఇంగ్లీషు పుస్తకం కావాలన్నది ఆ ఆర్డరు. సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్‌లకు అప్పటికి గోదాము లేదు, చేతిలో పుస్తకమూ లేదు. బెంగళూరు పుస్తకాల షాపుల్లో వెతికి, దొరికిన ప్రతిని పార్సిల్ కట్టి పంపారు. దేశంలోని అతిపెద్ద ఆన్‌లైన్ వ్యాపారాల్లో ఒకటి తన బోణీ బేరానికి మామూలు పుస్తకాల దుకాణం మీదే ఆధారపడిందన్నమాట.

తర్వాత కథ వేగంగా నడిచింది. 2013 జూన్‌లో అమెజాన్ భారత్‌లో అమ్మకాలు మొదలుపెట్టింది. 2016 సెప్టెంబరులో జియో రావడంతో డేటా చవకై, పల్లెటూళ్లలో కూడా ఫోన్లోనే బేరాలు చూసే అలవాటు మొదలైంది. 2018లో వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లు పెట్టి ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటా కొన్నది. ఈ మధ్యకాలంలో ‘ఇక దుకాణాల పని అయిపోయింది’ అన్న మాట వినని వ్యాపారి ఉండడు.

లెక్కలు మాత్రం అంత సూటిగా లేవు. అమెజాన్ 1995లో అమ్మకాలు మొదలుపెట్టిన అమెరికాలోనే, ముప్పై ఏళ్ల తర్వాత కూడా చిల్లర వ్యాపారంలో ఆన్‌లైన్ వాటా 16 శాతం దగ్గరే ఉంది. భారత్‌లో చాలా అంచనాలు దాన్ని 10 శాతం లోపే వేస్తున్నాయి. అయితే ఈ సగటు కొంత మోసం చేస్తుంది. స్మార్ట్‌ఫోన్లలో సగానికి అటూ ఇటూ ఆన్‌లైన్లో అమ్ముడైన సంవత్సరాలున్నాయి. చింతపండు, కూరగాయలు, పెళ్లి పట్టుచీరలు ఆ దరిదాపుల్లో లేవు. కాబట్టి ‘దుకాణం’ అనే ఒకే జాతి లేదు. ఫోన్ల షాపు సమస్య వేరు, మందుల షాపు సమస్య వేరు, వీధి చివరి కిరాణా కొట్టు సమస్య మరీ వేరు.

అన్నిటికీ వర్తించే సంగతి ఒకటుంది. దుకాణం సరుకొక్కటే అమ్మదు. అప్పిస్తుంది, సలహా చెబుతుంది, కొలత సరిచేస్తుంది, పాడైతే బాగుచేయిస్తుంది, అవసరమైన ఘడియలో చేతికందిస్తుంది. ఆన్‌లైన్ గెలిచింది ముఖ్యంగా ధరలోనూ, రకాల్లోనూ. ఆ రెంటినే నమ్ముకున్న దుకాణాలు గట్టిగా దెబ్బతిన్నాయి. మిగతా పనులకు విలువ కట్టడం నేర్చుకున్నవి నిలబడ్డాయి.

అమెరికా నేర్పిన పాఠాలు

ఈ మార్పును ముందుగా చవిచూసిన దేశం అమెరికా కాబట్టి పాఠాలూ అక్కడే ఎక్కువ దొరుకుతాయి. బోర్డర్స్ ఒకప్పుడు ఆ దేశంలో రెండో పెద్ద పుస్తకాల సంస్థ. 2001లో అది తన వెబ్‌సైట్ అమ్మకాల బాధ్యతను ఏకంగా అమెజాన్‌కే అప్పజెప్పింది. తన ఖాతాదారుకు పోటీదారు ఇంటి దారి తానే చూపించింది. తప్పు తెలిసి 2008లో సొంత సైట్ పెట్టుకునేసరికి పుణ్యకాలం గడిచిపోయింది. 2011లో దివాలా తీసి, మిగిలిన దుకాణాలన్నీ మూసేసింది. బొమ్మల సంస్థ టాయ్స్ ఆర్ అస్ కూడా 2000లో అమెజాన్‌తో పదేళ్ల ఒప్పందం రాసుకుంది. అది కోర్టులో తెగింది. 2017లో దివాలాకు దరఖాస్తు పెట్టి, మరుసటి ఏడాది అమెరికాలోని దుకాణాలన్నీ ఎత్తేసింది. ఈ రెండో ఉదంతంలో నింద అంతా ఆన్‌లైన్ మీద వేయడం న్యాయం కాదు. 2005లో చేతులు మారినప్పుడు ఆ సంస్థ నెత్తిన పడ్డ అప్పుకు వడ్డీలు కడుతూ, దుకాణాలు బాగుచేసుకునే డబ్బు లేక కుంగిపోయింది.

దీనికి ఎదురు ఉదాహరణ బెస్ట్ బై. టీవీలు, కంప్యూటర్లు అమ్మే ఈ సంస్థ 2012 నాటికి మునిగిపోతుందనే చాలామంది తీర్మానించారు. జనం షోరూముకు వచ్చి, టీవీ ముందు నిలబడి, రిమోట్ నొక్కి చూసి, సేల్స్‌మన్‌ను పది ప్రశ్నలడిగి, అక్కడినుంచే ఫోన్లో అమెజాన్‌కు ఆర్డరిచ్చేవారు. కరెంటు ఖర్చు, జీతాల ఖర్చు బెస్ట్ బైది, బేరం మరొకరిది. వ్యాపార భాషలో దీనికి ‘షోరూమింగ్’ అని పేరు కూడా పడింది.

ఆ ఏడాది సెప్టెంబరులో ఫ్రాన్స్‌కు చెందిన యూబేర్ జోలీ సీఈఓగా వచ్చాడు. చిల్లర వ్యాపారంలో అంతకుముందు అనుభవం లేదు. మొదటి రోజులు మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ క్లౌడ్ దుకాణంలో, ‘శిక్షణలో ఉన్న సీఈఓ’ అని బ్యాడ్జి పెట్టుకుని, నీలం చొక్కా సిబ్బందితోపాటు గడిపాడు. అక్కడ విన్న మాటల్లోంచే చాలా నిర్ణయాలు పుట్టాయి.

మొదటిది ధర. అమెజాన్ ఎంతకిస్తే అంతకే ఇస్తామని ప్రకటించారు. మార్జిన్ తగ్గింది కానీ, షాపులో నిలబడి ఫోన్ తీసే మనిషికి బయటికెళ్లే కారణం పోయింది. రెండోది స్థలం. శామ్‌సంగ్, మైక్రోసాఫ్ట్ వంటి కంపెనీలకు షాపు లోపలే సొంత విభాగాలు ఇచ్చారు. సరుకును జనం ముట్టుకుని చూసే చోటు ఆ కంపెనీలకూ కావాలి కాబట్టి అవి డబ్బు పెట్టాయి. చూసిపోవడానికి వచ్చేవాడు నష్టం అనుకున్న చోటే ఆదాయం దొరికింది.

మూడోది పైకి కనిపించదు కానీ అన్నిటికంటే ముఖ్యమైనది. బెస్ట్ బై వెబ్‌సైట్ ‘స్టాక్ లేదు’ అని చూపే వస్తువు తరచూ ఏదో ఊళ్లో వాళ్ల దుకాణం అరలోనే ఉండేది. గోదాముల లెక్క, దుకాణాల లెక్క కలిసేవి కావు. రెండు లెక్కలూ కలిపి, దగ్గరున్న దుకాణం నుంచే పార్సిల్ పంపడం మొదలుపెట్టాక, ప్రతి షోరూమూ ఒక చిన్న గోదాము అయింది. దుకాణాలు భారమనుకున్న చోట అవే బలమయ్యాయి. నమ్మకంగా చెప్పగలిగేది ఏమిటంటే, తన దగ్గర ఏముందో తనకే తెలియని దుకాణం ఆన్‌లైన్లోకి వెళ్లినా లాభపడదు.

పుస్తకాల రంగంలో బార్న్స్ అండ్ నోబుల్ ఇంకో దారి తొక్కింది. 2019లో యాజమాన్యం మారి, లండన్‌లో పుస్తకాల షాపు నడిపిన జేమ్స్ డాంట్ పగ్గాలు పట్టాడు. అప్పటిదాకా దుకాణం ముందు బల్ల మీద ఏ పుస్తకం పెట్టాలో డబ్బిచ్చే ప్రచురణకర్తలే నిర్ణయించేవారు. దేశమంతటా ఏ షాపుకెళ్లినా అదే బల్ల, అవే పుస్తకాలు. డాంట్ ఆ డబ్బు వద్దన్నాడు. ఏ ఊరి మేనేజరు ఆ ఊరి పాఠకులకు తగ్గట్టు పుస్తకాలు ఎంచుకోవచ్చన్నాడు. ప్రచురణకర్తలకు తిరిగి పంపే పుస్తకాలు బాగా తగ్గాయి. 2024లో ఆ సంస్థ 50కి పైగా కొత్త దుకాణాలు తెరిచింది. ఇదే కాలంలో అమెజాన్ సొంత పుస్తకాల షాపులు ఏమయ్యాయో చూస్తే విచిత్రంగా ఉంటుంది. 2015లో సియాటిల్‌లో మొదలుపెట్టిన ఆ షాపులన్నిటినీ 2022లో మూసేస్తున్నట్టు అమెజాన్ ప్రకటించింది. వెబ్‌సైట్లో ఎక్కువ స్టార్లు వచ్చిన పుస్తకాలను అరల్లో పేర్చితే పుస్తకాల షాపు అయిపోదని తేలింది.

చిన్న పుస్తకాల షాపులకు 2020 జనవరిలో మొదలైన బుక్‌షాప్ డాట్ ఆర్గ్ మరో తోడు అయింది. పాఠకుడు ఆ సైట్లో తన ఊరి షాపును ఎంచుకుని కొంటే లాభంలో వాటా ఆ షాపుకు చేరుతుంది. పార్సిల్ కట్టే పని మాత్రం షాపుది కాదు. కొద్ది నెలలకే కరోనా వచ్చి షాపులన్నీ మూతపడ్డప్పుడు ఇది చాలామందిని ఆదుకుంది.

కిరాణా కొట్టు లెక్క

భారత్‌లో కిరాణా కొట్లు కోటికి పైగా ఉంటాయని సాధారణంగా వేసే అంచనా. వీటికి చావు కబురు ఇప్పుడే కొత్తగా రాలేదు. హైదరాబాద్‌లో 1986లోనే త్రినేత్ర సూపర్ మార్కెట్లు మొదలయ్యాయి. 2006లో రిలయన్స్ ఫ్రెష్ తన మొదటి దుకాణాలను దేశంలో మరెక్కడా కాకుండా హైదరాబాద్‌లోనే తెరిచింది. అప్పుడూ వీధి కొట్టు పని అయిపోయిందనే అన్నారు. 2007లో త్రినేత్ర ఆదిత్య బిర్లా గ్రూపు చేతికి వెళ్లి ‘మోర్’ అయింది. వీధి కొట్టు మాత్రం వీధిలోనే ఉంది.

ఎలా ఉందంటే, పొద్దున్నే తెరిచిన కొట్టు ముందు నిలబడి చూస్తే చాలు. స్కూలు యూనిఫాంలో వచ్చిన పిల్లాడు చీటీ ఇచ్చి, ‘అంకుల్, అమ్మ రాసుకోమంది’ అంటాడు. గల్లాపెట్టె పక్కనున్న పొడుగు పుస్తకంలో కొట్టాయన ఓ పేజీ తిప్పి, రెండు అంకెలు వేస్తాడు. అరపావు టీ పొడి, రెండు గుడ్లు, ఒక షాంపూ ప్యాకెట్. ఏ యాప్‌కూ ఇంత చిన్న బేరం గిట్టదు, ఏ బ్యాంకూ ఇంత చిన్న అప్పు పూచీకత్తు లేకుండా ఇవ్వదు. ఎవరి జీతం ఎప్పుడొస్తుందో, ఎవరికి ఎంతవరకు ఇవ్వచ్చో కొట్టాయనకు నోటికి వచ్చు. వడ్డీ లేని ఈ అరువే ఆయన ఖాతాదారును కట్టి ఉంచే తాడు.

లాభం ఎక్కడ వస్తుందన్నది రెండో సంగతి. సబ్బులు, పేస్టులు, బిస్కట్ల మీద రేటు కంపెనీ ముద్రిస్తుంది. వాటి మీద చిల్లర కొట్టుకు మిగిలేది కొంచెమే. సూపర్ మార్కెట్లు, యాప్‌లు డిస్కౌంట్లతో కొట్టేదీ ఈ సరుకుమీదే. విడిగా తూచి అమ్మే కందిపప్పు, ఎండుమిర్చి, చింతపండు, బెల్లం మీద మార్జిన్ మెరుగ్గా ఉంటుంది. అక్కడ నాణ్యత ఎరిగినవాడిదే పైచేయి. అందుకే తెలివైన కొట్టు యజమానులు బ్రాండ్ సరుకు ధరలో యాప్‌తో పోటీ పడకుండా, మంచి పప్పు, కొత్త చింతపండు, మరపట్టించిన కారం దొరికే చోటుగా పేరు తెచ్చుకోవడం మీద దృష్టి పెడుతున్నారు.

డిజిటల్ మార్పును ఈ కొట్లు వ్యతిరేకించాయన్నది అపోహ. 2016 ఏప్రిల్‌లో జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ యూపీఐని ప్రవేశపెట్టింది. ఆ నవంబరులో పెద్దనోట్ల రద్దు వచ్చింది. కొద్ది సంవత్సరాల్లోనే కొత్తిమీర కట్టలమ్మే బండి మీద కూడా క్యూఆర్ కోడ్ అట్ట వేలాడింది. 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే యూపీఐ లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. స్కాన్ చేశారో లేదో అని ఫోన్ తీసి చూసుకునే శ్రమను చిన్న స్పీకరు పెట్టె తప్పించింది. 2024లో ఫోన్‌పే తన స్పీకర్లలో మహేశ్‌బాబు గొంతు పెట్టడంతో, ‘ఇరవై రూపాయలు వచ్చాయి’ అన్న కబురు సినిమా హీరో చెబుతున్నాడు. ఈ చెల్లింపులకు దుకాణదారు నుంచి రుసుము వసూలు చేయకూడదన్న నిబంధన 2020 జనవరి నుంచి ఉంది. ఖర్చు లేని సాంకేతికతను చిన్న వ్యాపారి ఎంత వేగంగా పట్టుకుంటాడో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అరువు పుస్తకం కూడా ఫోన్లోకి వచ్చింది. ఖాతాబుక్, ఓకేక్రెడిట్ వంటి యాప్‌లలో పద్దు రాస్తే, బాకీ ఉన్నవారికి గుర్తుచేసే సందేశం దానంతటదే వెళ్తుంది. ముఖం మీద అడగడానికి మొహమాటపడే చోట ఇది బాగా పనికొచ్చింది. 2018 జనవరిలో వచ్చిన వాట్సాప్ బిజినెస్ ఇంకో సాధనం. సామాన్ల చీటీని ఫొటో తీసి పంపితే సంచి సర్ది ఇంటికి పంపే పద్ధతి కరోనా లాక్‌డౌన్‌లో పట్టణాలన్నిటా పాకింది. పద్ధతి పాతదే, ఫోన్ చేసి సామాన్లు చెప్పడం ఎప్పటినుంచో ఉంది. వాట్సాప్ దానికి రాతపూర్వక రుజువు ఇచ్చింది, ‘నేను మినపగుళ్లు చెప్పాను, మీరు మినప్పప్పు పంపారు’ అన్న తగాదా తగ్గింది.

కొట్టు యజమాని కూడా ఆన్‌లైన్లో కొనేవాడే అన్న సంగతి చాలామంది మరిచిపోతారు. మెట్రో క్యాష్ అండ్ క్యారీ 2003 నుంచీ, వాల్‌మార్ట్ బెస్ట్ ప్రైస్ గోదాములు ఆ తర్వాతా చిల్లర వర్తకులకు నేరుగా టోకు సరుకు అమ్మాయి. 2016లో ఫ్లిప్‌కార్ట్ మాజీ ఉద్యోగులు పెట్టిన ఉడాన్, తర్వాత జియోమార్ట్ ఇదే పనిని యాప్‌లోకి తెచ్చాయి. డిస్ట్రిబ్యూటరు మనిషి వారానికోసారి వచ్చేదాకా ఆగాల్సిన అవసరం తగ్గింది. దీనివల్ల నలిగిపోతున్నది మధ్యలో ఉన్న డిస్ట్రిబ్యూటరు.

పార్సిళ్లు తీసుకుని అందించే పని కూడా కొన్ని కొట్లకు అదనపు ఆదాయమైంది. అమెజాన్ 2015లో ‘ఐ హావ్ స్పేస్’ పేరుతో, ఫ్లిప్‌కార్ట్ 2019లో కిరాణా భాగస్వాముల పేరుతో ఈ ఏర్పాటు చేశాయి. ఇరుకు సందుల్లో చిరునామా వెతుక్కునే పని డెలివరీ కుర్రాడికంటే కొట్టాయనకే తేలిక. జపాన్‌లో కన్వీనియెన్స్ స్టోర్లు ఈ పనిని చాలా ఏళ్లుగా చేస్తున్నాయి. పార్సిల్ కోసం వచ్చిన మనిషి ఖాళీ చేతుల్తో పోడన్నది వాటి నమ్మకం.

చీరల షాపు, ఫోన్ల షాపు

చీర కొనడంలో చూపుకంటే చేతిదే పెద్ద పాత్ర. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద సేల్స్‌మన్ మడత విప్పి, కొంగు భుజాన వేసుకుని చూపించడం, కొనేవాళ్లు అంచు మడిచి వేలితో రుద్ది చూడడం ఏ ఫొటోలోనూ రావు. రంగు ఫోన్లో ఒకలా, ఇంట్లో ఒకలా ఉండడం ఆన్‌లైన్ బట్టలమ్మేవారికి తీరని తలనొప్పి. నచ్చక తిరిగివచ్చే సరుకులో బట్టలు, చెప్పులు ముందుంటాయి. పోను, రాను రవాణా ఖర్చు అమ్మినవాడి లాభాన్ని తినేస్తుంది.

అయినా చీరల షాపులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. లాక్‌డౌన్ రోజుల్లో మొదలైన వీడియో కాల్ అమ్మకాలు తర్వాత కూడా ఆగలేదు. మంగళగిరి, పోచంపల్లి, గద్వాల, వెంకటగిరి చీరలమ్మేవారికి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు కుటుంబాలు ఖాతాదారులయ్యాయి. అక్కడ రాత్రి, ఇక్కడ షాపు తెరిచే వేళ. ‘ఆ బుటా కాస్త దగ్గరగా చూపించు బాబూ’ అంటే కెమెరా దగ్గరికి జరుగుతుంది. ‘కొంగు వెనకవైపు చూడండమ్మా, పోగు వేలాడుతోంది చూశారా, చేనేతే’ అని సేల్స్‌మన్ తిప్పి చూపిస్తాడు. తీసుకున్న చీరకు ఫాల్ కుట్టి, జాకెట్టు కొలతకు కుట్టించి, కొరియర్‌లో పంపేది కూడా అదే షాపు. దీన్ని ఆన్‌లైన్ అనాలా, దుకాణం అనాలా అన్నది పండితులు తేల్చుకోవచ్చు. అమ్ముతున్నది మాత్రం దుకాణంలో పెరిగిన మనిషి నేర్పు.

ఆత్రేయపురం పూతరేకులదీ ఇదే బాట. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరే పేటెంటులా పనిచేసే సరుకుకు దూరం అడ్డు కాదు. పెట్టె గట్టిగా ఉండి, రేకు విరగకుండా చేరితే చాలు. ఇలాంటి సరుకు అమ్మే షాపుకు ఆన్‌లైన్ పోటీ కాదు, కొత్త వీధి.

ఫోన్ల షాపులది చేదు కథ. 2014 జులైలో షామీ తన ఫోన్లను భారత్‌లో ఫ్లిప్‌కార్ట్ ద్వారా మాత్రమే అమ్మడం మొదలుపెట్టింది. సెకన్లలో స్టాక్ అయిపోయే ‘ఫ్లాష్ సేల్’లు వార్తలయ్యాయి. వీధిలో షాపు తెరుచుకుని కూర్చున్నవాడికి ఆ ఫోన్ దొరికేదే కాదు. అయితే మూడేళ్లు తిరక్కుండానే, 2017లో అదే షామీ బెంగళూరులో మొదటి ‘మీ హోమ్’ దుకాణం తెరిచి, ఆ తర్వాత చిన్న పట్టణాల షాపుల తలుపులు తట్టింది. చేత్తో పట్టుకుని చూడకుండా, పాత ఫోన్ మార్చుకోకుండా, నెలవారీ వాయిదా కాగితాలు రాయకుండా ఫోన్ కొననివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారని కంపెనీకి అర్థమైంది.

ఈ రంగంలో దుకాణాలు సంఘటితంగా బేరమాడాయి కూడా. 2024 ఏప్రిల్‌లో దక్షిణాది రిటైలర్ల సంఘం, మే 1 నుంచి వన్‌ప్లస్ ఫోన్లు అమ్మబోమని కంపెనీకి రాసింది. మార్జిన్లు తక్కువన్నది, వారంటీ క్లెయిములు తేలడం లేదన్నది వారి ఫిర్యాదుల్లో ముఖ్యమైనవి. తెలుగు రాష్ట్రాల షాపులూ అందులో ఉన్నాయి. ఒక్కో షాపు విడిగా అడిగితే ఎవరూ వినరు, వేల షాపులు కలిసి సరుకు దించబోమంటే కంపెనీ దిగివచ్చి మాట్లాడుతుంది. సర్దుబాటు అంటే యాప్ పెట్టుకోవడం ఒక్కటే కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆన్‌లైన్లో పుట్టి వీధిలోకి

ఎదురుదిశలో నడిచినవారి అనుభవం కూడా చూడాలి. న్యూయార్క్‌కు చెందిన కళ్లద్దాల సంస్థ వార్బీ పార్కర్ 2010లో వెబ్‌సైట్‌గా మొదలై 2013లో షాపు తెరిచింది. భారత్‌లో 2010లోనే మొదలైన లెన్స్‌కార్ట్ దారీ ఇదే. కంటి పరీక్ష, ఫ్రేమ్ ముక్కు మీద సరిగా కూర్చుందా లేదా అన్నది చూడడం మనుషుల పని. నైకా కూడా లిప్‌స్టిక్ రంగు చేతిమీద రాసి చూసుకునే వీలు కోసం షాపులు పెట్టింది. ఆన్‌లైన్లో పుట్టని ఐకియాదీ ఇదే సూత్రం. ఈ స్వీడన్ సంస్థ 2018 ఆగస్టులో హైదరాబాద్‌లో తన తొలి భారతీయ దుకాణాన్ని సుమారు నాలుగు లక్షల చదరపు అడుగుల్లో తెరిచినప్పుడు జనం తొక్కిసలాడారు. మంచాల మీద కూర్చుని, అల్మరా తలుపులు తీసి చూసి, చివర్లో ఏదైనా తిని బయటపడడమే అక్కడ అమ్మకం.

మందుల రంగంలో రెండూ కలిసిపోయాయి. 2006లో హైదరాబాద్‌లో మొదలైన మెడ్‌ప్లస్ నాలుగు వేలకు పైగా షాపులకు పెరిగింది. డిస్కౌంటుతో జనాన్ని అలవాటు చేసి, యాప్‌లో ఇచ్చిన ఆర్డరును దగ్గరి షాపు నుంచే ఇంటికి చేరుస్తోంది. అపోలో ఫార్మసీ 2020లో తెచ్చిన 24/7 యాప్ వెనకా ఇలాంటి షాపులే ఉన్నాయి. గోదాము ఎక్కడో ఊరవతల ఉన్న పోటీదారుకంటే, జ్వరం వచ్చిన ఇంటికి రెండు వీధుల దూరంలో ఉన్న షాపుకే వీలెక్కువ. ఒంటరిగా నడిచే మందుల షాపు పరిస్థితి ఇంత తేలిక కాదు. పెద్ద గొలుసు సంస్థల డిస్కౌంటు దానికి సాధ్యపడదు. దానికి మిగిలినవి ఫార్మసిస్టు మీద నమ్మకం, చుట్టుపక్కల డాక్టర్లు రాసే మందులు తప్పక దొరుకుతాయన్న భరోసా.

పది నిమిషాల పోటీ

ఇంతవరకు చెప్పిన సర్దుబాట్లన్నీ దుకాణం దగ్గరగా ఉండడం మీదే ఆధారపడ్డాయి. క్విక్ కామర్స్ కొట్టింది సరిగ్గా అక్కడే. స్విగ్గీ 2020లో ఇన్‌స్టామార్ట్ మొదలుపెట్టింది. 2021లో జెప్టో పుట్టింది, అదే ఏడాది చివర గ్రోఫర్స్ పేరు మార్చుకుని బ్లింకిట్ అయింది, 2022లో జొమాటో దాన్ని కొన్నది. వీధుల మధ్యలో ఖాతాదారులకు తలుపు లేని చిన్న గోదాములు, అంటే ‘డార్క్ స్టోర్లు’ పెట్టి, పది పదిహేను నిమిషాల్లో పాలపాకెట్ నుంచి ఫోన్ ఛార్జరు దాకా చేరుస్తున్నారు. ఇది నిజమైన ముప్పు. కొట్టు దగ్గరని వెళ్లే మనిషి ఇప్పుడు మెట్లు కూడా దిగడం లేదు.

కంపెనీ సరుకు డిస్ట్రిబ్యూటర్ల అఖిల భారత సమాఖ్య 2024లో, ఒక్క ఏడాదిలో రెండు లక్షల కిరాణా కొట్లు మూతపడ్డాయని ప్రకటించింది. నష్టపోతున్న పక్షం ఇచ్చిన లెక్క కాబట్టి కాస్త చూసుకుని తీసుకోవాలి. కానీ దిశ తప్పు కాదు. దెబ్బ ముందుగా హైదరాబాద్ వంటి నగరాల్లోని అపార్టుమెంటు వీధుల మీద పడింది. అప్పు అవసరం లేని, టైము లేని, బేరమాడని జనం ఉండేది అక్కడే. జనం పలుచగా ఉండే చిన్న ఊళ్లలో ఒక్కో డెలివరీకయ్యే ఖర్చు రాబట్టడం ఈ కంపెనీలకు కష్టం.

నగరపు కొట్లకు మిగిలిన దారులు కొన్నే. ఒకే అపార్టుమెంటు సముదాయానికి వాట్సాప్ గ్రూపు పెట్టి, రుసుము లేకుండా సంచి పైకి పంపడం ఒకటి. యాప్‌లో సరిగా దొరకనివి పెట్టుకోవడం మరొకటి: దోసెల పిండి, పూజ రోజున మామిడాకులు, తమలపాకులు, పండగ ముందు అరిసెల బియ్యప్పిండి. గూగుల్ మ్యాప్స్‌లో షాపు పేరు, ఫోన్ నంబరు, తెరిచే వేళలు సరిగా పెట్టుకోవడం ఖర్చు లేని పని. అయినా చాలా షాపుల వివరాలు తప్పుగానో, అసలు లేకుండానో ఉంటాయి. ఇక అందరూ చెబుతున్నారని కమీషన్ తీసుకునే వేదికలన్నిటిలో సరుకు పెట్టడం తెలివి కాదు. కమీషన్, రవాణా, తిరిగివచ్చే సరుకు తీసేస్తే కందిపప్పు కిలో మీద ఏం మిగులుతుందో ముందు కాగితం మీద వేసుకోవాలి.

ప్రభుత్వం వైపు నుంచి జరిగినవీ ఉన్నాయి. విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ వేదికలు తమ వాటా ఉన్న సంస్థల సరుకు అమ్మకూడదని 2019 ఫిబ్రవరి 1 నుంచి నిబంధన అమలులోకి వచ్చింది. ఢిల్లీ వర్తక సంఘం ఫిర్యాదు మీద అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లపై 2020 జనవరిలో కాంపిటీషన్ కమిషన్ దర్యాప్తుకు ఆదేశించింది. 2021 డిసెంబరు చివర నమోదైన ఓఎన్‌డీసీ అనే ఉమ్మడి వ్యాపార నెట్‌వర్క్, ఏ యాప్‌లో కొనేవారికైనా ఏ దుకాణమైనా కనబడే వీలు కల్పించాలని 2022 ఏప్రిల్‌లో ప్రయోగాత్మకంగా మొదలైంది. ఆలోచన గొప్పది. ఫిర్యాదు వస్తే బాధ్యత ఎవరిదన్న చిక్కు మాత్రం అందులోనే ఉంది.

చిన్న వర్తకుడికి నేరుగా పనికొచ్చే మార్పు ఇంకొకటి జరిగింది. లోగడ ఆన్‌లైన్ వేదిక మీద ఒక్క వస్తువు అమ్మాలన్నా, అమ్మకం ఎంత తక్కువైనా జీఎస్టీ నమోదు తప్పనిసరి. 2023 అక్టోబరు 1 నుంచి, వార్షిక టర్నోవరు పరిమితి లోపు ఉన్న వర్తకులు సొంత రాష్ట్రంలోనే సరుకు అమ్మేట్టయితే ఆ నమోదు లేకుండానే వేదికల ద్వారా అమ్ముకోవచ్చు. దానికి బదులు ఎన్‌రోల్‌మెంట్ సంఖ్య ఒకటి మాత్రం జీఎస్టీ పోర్టల్లో తీసుకోవాలి. సరుకులకు ఆ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షల రూపాయలు, తెలంగాణలో 20 లక్షలు.